స్టాటిక్ కారవాన్‌కి సోలార్: ఇన్వర్టర్ 3 కేవీఏ చాలా, 5 కేవీఏ కావాలా?

పెనుగాలి (బ్రిస్టల్)
అందరికీ నమస్కారం. వేల్స్‌లో కార్మార్థెన్‌షైర్ వైపు ఒక రైతు పొలం అంచున పాత స్టాటిక్ కారవాన్ తీసుకున్నాం. చూడనివాళ్ల కోసం: ఇది కారు వెనక లాక్కుపోయే రకం కాదు. లారీ మీద తెచ్చి ఒకచోట దించితే ఇక అక్కడే ఉండిపోయే రెండు పడకగదుల రేకు ఇల్లు. హాలిడే పార్కుల్లో అయితే మీటరు పెట్టి కరెంటు ఇస్తారు. మాది పార్కు కాదు. దగ్గర్లోని స్తంభం నుంచి లైను లాగడానికి చెప్పిన ఖర్చు కారవాన్ ధర కంటే ఎక్కువ. అందుకని సోలార్.

నీళ్లు రైతు పైపులోంచి ప్రెషర్‌తోనే వస్తాయి, మోటారు అక్కర్లేదు. వంట, వేడినీళ్లు, హీటింగ్ ఎల్‌పీజీ మీద, 47 కిలోల సిలిండర్లు రెండు ఉన్నాయి. కరెంటు కావలసినవి ఫ్రిజ్, లైట్లు, రెండు లాప్‌టాప్‌లు, 4జీ రౌటర్, బాయిలర్ (మంట గ్యాసుదే, లోపల ఫ్యాను, పంపు కరెంటువి), మైక్రోవేవ్, రైస్ కుక్కర్, ఇండియా నుంచి సూట్‌కేసులో వచ్చిన 750 వాట్ల మిక్సీ. మామూలుగా శుక్రవారం రాత్రి వెళ్లి ఆదివారం వచ్చేస్తాం. వేసవి సెలవుల్లో ఎక్కువ రోజులు. డిసెంబరులో కూడా వెళ్లాల్సిందేనని మా ఆవిడ పట్టు.

ఒక దుకాణంవాడు 5 కిలోవాట్ల 48 వోల్ట్ హైబ్రిడ్ ఇన్వర్టర్ (సోలార్ ఛార్జర్ కూడా లోపలే ఉండే రకం) పెట్టించుకోమంటున్నాడు, రేపు ఎటూ అవసరం పడుతుందట. ఆఫీసులో ఒక ఇంగ్లిష్ మిత్రుడు 12 వోల్ట్ మీద నడిచే 3000 వాట్లది ఆన్‌లైన్‌లో కారుచవగ్గా దొరుకుతుంది, తీసేసుకో అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

వోల్టేజీ వీరుడు
పెద్దదే తీసుకో భయ్యా, ఆలోచించడానికేముంది? 5 కొంటే 3 కూడా లాగుతుంది. 3 కొంటే 5 లాగదు. చర్చ ముగిసింది 😄

రిటైర్డ్ ఏఈ (తెనాలి)
పెనుగాలి గారూ, దుకాణంవాడి మాటా పక్కన పెట్టండి, మిత్రుడి మాటా పక్కన పెట్టండి. ముందు మీ సామాను వెనక అంటించిన ప్లేట్లు చదవండి.

రెండు లెక్కలు విడివిడిగా వెయ్యాలి. రోజుకెన్ని యూనిట్లు అన్నది బ్యాటరీని, ప్యానెళ్లను తేలుస్తుంది. ఒకే సమయంలో ఎన్ని వాట్లు అన్నది ఇన్వర్టర్‌ని తేలుస్తుంది. పెళ్లిలో మొత్తం ఎంతమందికి వండాలి అన్నది ఒక లెక్క, ఒక బంతికి ఎంతమందిని కూర్చోబెట్టాలి అన్నది ఇంకో లెక్క. ఇక్కడ చాలామంది వంట లెక్క చూసి బల్లలు తెప్పిస్తారు.

ఏవేవి కలిసి నడుస్తాయో నిజాయితీగా రాయండి. అన్నీ కూడకండి. మిక్సీ తిరిగేటప్పుడు మైక్రోవేవ్ ఆపగలరా? ఆపగలిగితే రెండూ కూడనక్కర్లేదు. మీ ఇంట్లోవాళ్లను అడిగి మరీ రాయండి, ఎందుకంటే వంటగదిలో ఉండేది మీరు కాకపోవచ్చు.

పెనుగాలి
వంటగదిలో ఉండేది నేనే సార్, ఈ విషయంలో కాస్త గౌరవం ఇప్పించండి 🙂

ప్లేట్లు చదివాను. ఫ్రిజ్ నడిచేటప్పుడు 80 వాట్లు. బాయిలర్ 120. లాప్‌టాప్‌లు రెండూ కలిపి 130. లైట్లు అన్నీ వేస్తే 50. రౌటర్ 10. మైక్రోవేవ్ తలుపు మీద 800 వాట్లు అని పెద్దక్షరాల్లో ఉంది, వెనక చిన్న ప్లేటు మీద మాత్రం 1270. ఏది నమ్మాలి? రైస్ కుక్కర్ 700.

రిటైర్డ్ ఏఈ
వెనకదే. తలుపు మీదిది అన్నానికి తగిలే వేడి, వెనకది గోడలోంచి లాగే కరెంటు. ఇన్వర్టర్‌కి కావలసింది రెండోదే. మైక్రోవేవ్ వల్ల లెక్క తప్పినవాళ్లు అందరూ తలుపు చదివినవాళ్లే.

ఇప్పుడు కూడండి. ఎప్పుడూ ఉండేవి 390. మైక్రోవేవ్ తోడైతే 1660. దానికి రైస్ కుక్కర్ కూడా కలిస్తే 2360. మిక్సీని మూడోదిగా కలపకండి, అది పది నిమిషాల పని. అంటే మీ బంతి 2400 వాట్ల లోపు.

వోల్టేజీ వీరుడు
చూశారా, 2400 అంటే 3 కేవీఏ అంచుకి వచ్చేసింది. కెటిల్ మరిచారు. ఇంగ్లండు కెటిల్ 3000 వాట్లు! అప్పుడు 5 కావాలా వద్దా?

లెస్టర్ అక్క
వీరుడూ, కెటిల్ ఒక్కదాని కోసం ఇన్వర్టర్, కేబుళ్లు, బ్యాటరీ అన్నీ పెద్దవి చేయించడం ఏం లెక్క? వాళ్లకి గ్యాసు పొయ్యి ఉంది. ఈల వేసే కెటిల్ పొయ్యి మీద పెడితే అయిపోయింది. హెయిర్ డ్రయర్, ఫ్యాన్ హీటర్, ఇస్త్రీ పెట్టె కూడా అదే జాబితా. వేడి పుట్టించేదేదైనా గ్యాసుకి, తిరిగేదీ వెలిగేదీ సోలార్‌కి. ఆఫ్‌గ్రిడ్‌లో (బయటి లైను లేని చోట) ఈ గీత గీసుకోకపోతే ఎంత పెద్దది కొన్నా చాలదు.

పెనుగాలి గారూ, కేవీఏకి (పెట్టె మోయగల మొత్తం లోడు), కిలోవాట్‌కి (నిజంగా పనిచేసే కరెంటు) తేడా చూసుకోండి. నేను బిల్డింగ్ సర్వీసెస్‌లో పనిచేస్తాను, రోజూ ఈ గొడవే. 3 కేవీఏ అన్నంత మాత్రాన 3000 వాట్లు రావు. ఉదాహరణకి విక్ట్రాన్ కంపెనీ ఇన్వర్టర్ మల్టీప్లస్-2, 24 వోల్ట్ 3000 మోడల్ డేటాషీటు తీయండి. 3000 వీఏ అంటాడు. కింద లైన్లో 25 డిగ్రీల దగ్గర నిరంతరంగా 2400 వాట్లు, 40 డిగ్రీల దగ్గర 2200 అని ఉంటుంది. మోటార్లు మొదలయ్యేటప్పుడు కాసేపు 5500 దాకా తట్టుకుంటుంది. వాళ్లు దాచకుండా రాశారు కాబట్టి చెబుతున్నా. చాలా చవక పెట్టెల మీద ఈ అంకెల్లో పెద్దది మాత్రమే అచ్చు వేస్తారు. మీ మిత్రుడు చెప్పిన 3000 వాట్లది కూడా ఆ రకమే అయి ఉండొచ్చు. "కంటిన్యూయస్" అన్న మాట పక్కన ఏ అంకె ఉందో చూడండి, చాలావాటికి 1500 ఉంటుంది.

చేవెళ్ల కంటైనర్
అన్నా నమస్తే. మాది తోటల 20 ఫీట్ల కంటైనర్ ఇల్లు, కారవాన్ కాదు గని లెక్క గదే. అక్క చెప్పిన టెంపరేచర్ సంగతి మాకు ఇంకా ఎక్కువ. ఏప్రిల్ల రేకు లోపల 45 దాటుతది, ఇన్వర్టర్‌ల ఫ్యాన్ ఆగకుండ తిరుగుతది. వేల్స్‌ల మీకు ఆ బాధ లేదు.

నేను చెప్పేది వేరే. పెద్ద ఇన్వర్టర్ ఏం నడపకున్నా కరెంట్ తాగుతది. మా దగ్గర ఉన్న హైబ్రిడ్ ఖాళీగ 50 వాట్లు తింటది, మీటర్ పెట్టి చూసిన. 24 గంటలకు 1.2 యూనిట్లు. లైట్ వెయ్యలే, ఫ్యాన్ వెయ్యలే, యూనిట్ పైన పాయె. మాకు ఎండ మస్తుగ ఉంటది, ఒక కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు వస్తయి కాబట్టి నడుస్తది. మీకు చలికాలం ఎట్ల?

వోల్టేజీ వీరుడు
50 వాట్లు అంటే ఒక బల్బు అంతే కదా అన్నా. దానికింత గోలా?

లెస్టర్ అక్క
ఆ బల్బు డిసెంబరులో కొంప ముంచుతుంది వీరుడూ. కార్మార్థెన్‌షైర్ 52వ అక్షాంశం దగ్గర ఉంది. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 15 డిగ్రీల ఎత్తు దాటడు. ఒక కిలోవాట్ ప్యానెల్‌కి ఆ నెల మొత్తం మీద 20 నుంచి 30 యూనిట్లు వస్తే గొప్ప. అంటే రోజుకు ఒక యూనిట్ కూడా లేదు. చేవెళ్ల తమ్ముడి ఇన్వర్టర్‌ని అక్కడ పెడితే ఒక కిలోవాట్ ప్యానెళ్లు పొద్దంతా కష్టపడి దాని ఖాళీ కడుపే నింపుతాయి.

కానీ తమ్ముడూ, "పెద్దదైతే ఎక్కువ తాగుతుంది" అన్నది సగమే నిజం. రకం ముఖ్యం. ఇందాక చెప్పిన 3000 మోడల్ ఖాళీగా 13 వాట్ల దగ్గర ఉంటుంది. అదే కంపెనీ 48 వోల్ట్ 5000ది 18. తేడా 5 వాట్లే. చవక 3 కిలోవాట్ల హైబ్రిడ్‌లు కొన్ని ఈ రెంటినీ మించి తింటాయి. కొనేముందు డేటాషీటులో "జీరో లోడ్" లేదా "నో లోడ్" అన్న లైను చూడాలి. ఆ లైనే లేకపోతే అందులోనే సమాధానం ఉంది.

చేవెళ్ల కంటైనర్
సరే అక్కా, గా మాట ఒప్పుకుంట. గని పైసలు కూడ రకం లెక్కనే ఉంటయి కదా.

లెస్టర్ అక్క
ఉంటాయి. అందుకే 5 బదులు 3 తీసుకుని, మిగిలింది మంచి రకం మీద పెట్టమంటున్నా.

రిటైర్డ్ ఏఈ
షాపుకి వెళ్లి చూసేవాళ్లకి ఒక చిట్కా. పెట్టెను ఎత్తి చూడండి. ఒంటిచేత్తో తేలిగ్గా లేస్తే లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లేదు, అది హై ఫ్రీక్వెన్సీ రకం. నడుం పట్టుకునేంత బరువుంటే రాగి, ఇనుము ఉన్నట్టు. ఫ్రిజ్ కంప్రెసర్, మోటారు లాంటివి మొదలయ్యేటప్పుడు నడిచే కరెంటుకి ఐదారు రెట్లు లాగుతాయి. ఆ దెబ్బని బరువైనది బాగా కాచుకుంటుంది. తేలికది కూడా పనిచేస్తుంది, కాకపోతే దాన్ని ఒక సైజు పెద్దది తీసుకోవాలి. దుకాణంవాడు 5 చెప్పడానికి అసలు కారణం ఇదే కావచ్చు, పాపం అతన్ని మరీ తిట్టకండి.

ప్యూర్ సైన్ వేవ్ (లైను కరెంటులాగే నున్నగా ఎగిసి దిగే వేవ్) తప్ప వేరేది వద్దు. చతురస్రాకారం వేవ్ మీద ఫ్రిజ్ మోటారు గుర్రుమంటూ వేడెక్కుతుంది.

పెనుగాలి
అర్థమైంది సార్. మరి వోల్టేజీ? 12, 24, 48లలో ఏది?

రిటైర్డ్ ఏఈ
2400 వాట్లు బయటికి రావాలంటే, లోపల నష్టం పోను 2650 దాకా బ్యాటరీ ఇవ్వాలి. 12 వోల్ట్ అయితే దాదాపు 220 ఆంపియర్లు. 24కి 110. 48కి 55.

220 ఆంపియర్లంటే ఏమిటో చెబుతాను. తీగ, లగ్గులు (తీగ చివర నొక్కే లోహపు తొడుగులు), ఫ్యూజు, స్విచ్చి అన్నీ కలిపి దారిలో రెండంటే రెండు మిల్లీఓమ్‌లు ఉన్నాయనుకోండి. 0.44 వోల్ట్ అక్కడే పడిపోతుంది, దాదాపు 100 వాట్లు వేడిగా పోతుంది. ఒక్క లగ్గు సరిగ్గా నొక్కకపోయినా ఆ వేడంతా ఆ ఒక్కచోటే. రేకు, ఫోమ్, ప్లైవుడ్‌తో కట్టిన ఇంట్లో ఆ మాట వినడానికే నాకు ఇష్టం లేదు. 24కి మారితే అదే దారిలో వేడి నాలుగో వంతు.

మీ లెక్కకి 24 చాలు. 48 తప్పేమీ కాదు. తర్వాత ఏసీ పెడతాం, ఎలక్ట్రిక్ కారు ఛార్జి చేస్తాం అంటే 48కే వెళ్లండి.

పెనుగాలి
వేల్స్‌లో ఏసీయా సార్! స్వెట్టరు విప్పే రోజులే తక్కువ.

బ్యాటరీ 24 వోల్ట్ లిథియం ఫాస్ఫేట్, 100 ఆంపియర్ అవర్లది ఒకటి అనుకుంటున్నాను. సరిపోతుందా?

లెస్టర్ అక్క
సరిపోదు, రెండు కారణాలు. ఒకటి యూనిట్లు. 25.6 వోల్ట్‌ని 100తో గుణిస్తే 2.56 యూనిట్లు. మీరు రోజుకు మూడు యూనిట్ల దాకా వాడతారు: ఫ్రిజ్ 0.6, లాప్‌టాప్‌లు 0.65, బాయిలర్ నాలుగు గంటలు నడిస్తే 0.5, అన్నం 0.35, మిగతావి అటూ ఇటూ. రెండోది ఎవరూ చెప్పరు. బ్యాటరీ లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) నిరంతరంగా ఎన్ని ఆంపియర్లు వదులుతుందో దాని మీదే రాసి ఉంటుంది, 100 ఆంపియర్ అవర్ల వాటికి తరచూ 100. మీకు 110 కావాలి. మైక్రోవేవ్, కుక్కర్ కలిసి నడుస్తుండగా బ్యాటరీ టక్కున కట్ అయితే మీరు ఇన్వర్టర్‌ని తిడతారు, తప్పు బ్యాటరీ సైజుది. అలాంటివి రెండు సమాంతరంగా పెట్టండి. 5.12 యూనిట్లు, కరెంటు కూడా ఇద్దరూ పంచుకుంటారు.

ఇంకోటి. లిథియం ఫాస్ఫేట్‌ని సున్నా డిగ్రీల కింద ఛార్జి చేయకూడదు. వాడుకోవచ్చు, ఎక్కించకూడదు. మంచి బీఎంఎస్ తనే ఆపేస్తుంది. కాబట్టి జనవరిలో ఎండ కాసినా బ్యాటరీ నిండలేదేమని కంగారు పడకండి. హీటర్ ఉన్న రకం తీసుకుంటే మేలు. పడకగదిలో మాత్రం పెట్టొద్దు, బయటికి వెళ్లే దారిలోనూ వద్దు. ఇళ్ల బ్యాటరీల కోసం 2024లో వచ్చిన బ్రిటిష్ ప్రమాణం పీఏఎస్ 63100 కూడా ఇదే చెబుతుంది.

బాపట్ల బాబు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాకు చెరువు గట్టు మీద పోర్టా క్యాబిన్ ఉంది. రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటు లాగేవి), లైట్లు, ఒక హెచ్‌పీ మోటారు. 2 కేవీఏ చాలా ఏఈ గారూ?

రిటైర్డ్ ఏఈ
ఫ్యాన్లకి, లైట్లకి 2 కేవీఏ ఎక్కువే, బీఎల్‌డీసీ ఒక్కోటి 30 వాట్ల చుట్టూ. మోటారుకి చాలదు బాబూ. ఒక హెచ్‌పీ అంటే ఇరుసు మీద 746 వాట్లు, లాగేది 1000 పైనే, స్టార్టింగులో దానికి కొన్ని రెట్లు. మోటారుని ఈ ఇన్వర్టర్ మీద పెట్టకుండా ప్యానెళ్ల నుంచి నేరుగా నడిచే సోలార్ పంపు కంట్రోలర్ పెట్టుకో. పీఎం కుసుమ్ (రైతుల సోలార్ పంపుల పథకం) కింద మీ దగ్గర ఏమైనా వస్తుందేమో వ్యవసాయ శాఖలో అడుగు. పీఎం సూర్యఘర్ సబ్సిడీ గ్రిడ్‌కి కలిపిన ఇంటి కప్పులకి, నీకు వర్తించదు. మిగతాది వేరే థ్రెడ్‌లో మాట్లాడదాం.

పెనుగాలి
బాయిలర్ గురించి ఒక అనుమానం. పాత ఓనరు చిన్న జనరేటరు మీద నడిపితే బాయిలర్ వెలిగి పది సెకన్లలో ఆరిపోయేదట. ఇన్వర్టర్ మీద కూడా అలాగే అవుతుందా? అది సైజు చాలకనా?

లెస్టర్ అక్క
భలే పట్టుకున్నారు. సైజుకి సంబంధం లేదు. బాయిలర్ మంట వెలిగిందో లేదో మంటలోంచే అతి చిన్న కరెంటు పంపి చూసుకుంటుంది. ఆ కరెంటు ఎర్త్ మీదుగా తిరిగి రావాలి. గ్రిడ్‌లో న్యూట్రల్‌కి, ఎర్త్‌కి ఒకచోట లింకు ఉంటుంది కాబట్టి దారి దొరుకుతుంది. చాలా జనరేటర్లలో, చవక ఇన్వర్టర్లలో ఆ లింకు ఉండదు, రెండూ తేలుతూ ఉంటాయి. మంట ఎదురుగా మండుతున్నా బోర్డుకి కనపడదు, గ్యాసు ఆపేస్తుంది. జనం బాయిలర్ బోర్డు మార్పిస్తారు, అయినా అదే కథ.

ఇంకా ముఖ్యమైన సంగతి, ఆ లింకు లేకపోతే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీడీ (కరెంటు ఎర్త్‌లోకి పోతే ఆపేసే స్విచ్చి) కూడా షాక్ తగిలినప్పుడు పడదు. టెస్ట్ బటన్ నొక్కితే పడుతుంది, అది చూసి మోసపోతాం. ఇన్వర్టర్ తనే ఆ లింకు వేసుకునే రిలే ఉన్నది తీసుకోండి, దాని తర్వాతే ఆర్‌సీడీ. ఛాసిస్‌ని, ఎర్త్ రాడ్‌ని రిజిస్టర్డ్ ఎలక్ట్రీషియన్ చేత చేయించి, కొలిపించి, కాగితం తీసుకోండి. బాయిలర్ మూత తెరవాల్సి వస్తే గ్యాస్ సేఫ్ (గ్యాసు పనివాళ్ల అధికారిక రిజిస్టర్) వాళ్లే తెరవాలి, అదీ ఎల్‌పీజీ అర్హత ఉన్నవాళ్లు.

వోల్టేజీ వీరుడు
అక్కా, దండం. ఇది నాకు నిజంగా తెలియదు. మా రూముమేట్ ఆర్‌వీలో (బండి మీది ఇంట్లో) ఇదే గోల, వాడు ఇగ్నైటర్ మార్చాడు.

చేవెళ్ల కంటైనర్
మిక్సీ సంగతి ఎవ్వరు చెప్తలేరు. అన్నా, మిక్సీని డైరెక్ట్ మూడో నంబర్ మీద తిప్పకు. ఒకటి మీద షురూ చేసి పెంచు. ఫ్రిజ్‌ల పెట్టిన గట్టి కొబ్బరి, పచ్చడి వేస్తే బ్లేడ్ ఇరుక్కుంటది, అప్పుడు 750 కాదు, డబుల్ లాగుతది. 3 కేవీఏల అది నడుస్తది, మైక్రోవేవ్ బందు పెట్టి చెయ్యి.

పెనుగాలి
అందరికీ ధన్యవాదాలు. ఇదిగో నా లెక్క, తప్పుంటే చెప్పండి. 24 వోల్ట్, 3 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ రకం. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు రెండు, హీటర్ ఉన్నవి. 430 వాట్ల ప్యానెళ్లు నాలుగు, 1720 వాట్లు. కారవాన్ కప్పు మీద కాదు, నేల మీద ఫ్రేము కట్టి చలికాలం కోసం నిటారుగా. రెండేసి సిరీస్‌లో కలిపితే 77 వోల్ట్, గడ్డకట్టే చలిలో 84 దాకా పోవచ్చు, ప్యానెళ్ల కరెంటుని బ్యాటరీకి ఎక్కించే కంట్రోలర్ 150 వోల్ట్‌ది కాబట్టి ఇబ్బంది లేదు.

డిసెంబరులో రోజుకు 1.4 యూనిట్లు వస్తాయనుకుంటే, మేం లేని ఐదు రోజుల్లో బ్యాటరీ నిండుతుంది, శని ఆదివారాలు వాడేస్తాం.

లెస్టర్ అక్క
నిండుతుంది, మీరు వచ్చేటప్పుడు ఇన్వర్టర్ ఆపి వస్తేనే. ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు తెరిచి పెట్టండి. కానీ ఇన్వర్టర్ ఆపితే బాయిలర్‌కి గడ్డకట్టకుండా కాపాడే ఫ్రాస్ట్ ప్రొటెక్షన్ కూడా ఆగిపోతుంది. కాబట్టి చలికాలంలో ఆదివారం సాయంత్రం పైపుల్లో నీళ్లన్నీ వదిలేసి రావాల్సిందే. కారవాన్ వాళ్లు డ్రెయిన్ డౌన్ అంటారు, పక్కవాళ్లని అడిగితే చూపిస్తారు. ఫ్రేము దక్షిణం వైపు పెట్టేటప్పుడు కంచె చెట్ల నీడ చూసుకోండి. జూన్‌లో అందని నీడ డిసెంబరులో సగం పొలం దాకా పాకుతుంది.

రిటైర్డ్ ఏఈ
ఫ్యూజు ఏది? మీ లెక్కలో కనపడలేదు.

పెనుగాలి
బ్యాటరీ ప్లస్ దగ్గరే క్లాస్ టీ ఫ్యూజు (బ్యాటరీ షార్ట్ అయితే వచ్చే భారీ కరెంటుని ఆపగలిగేది), 50 చదరపు మిల్లీమీటర్ల తీగ, మాన్యువల్ చెప్పినట్టే. ఇంట్లో ఆల్టర్నేటింగ్ కరెంటుకి వాడే ఎంసీబీ (ట్రిప్ స్విచ్చి) పెట్టడం లేదు సార్, భయపడకండి.

రిటైర్డ్ ఏఈ
అయితే సరే. లగ్గులు హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించండి, సుత్తితో కొట్టేవాణ్ణి దగ్గరికి రానివ్వకండి. బిగించాక ఒక గంట మైక్రోవేవ్, కుక్కర్ మార్చి మార్చి నడిపి ప్రతి జాయింటు దగ్గర వేడి చూడండి.

పెనుగాలి
ఒక్క చివరి ప్రశ్న. ఇన్వర్టర్‌లో సెర్చ్ మోడ్ అని ఉంది, ఖాళీగా ఉన్నప్పుడు 3 వాట్లకి తగ్గుతుందట. ఆన్ చేస్తే ఆ 13లో పది మిగులుతాయి కదా?

లెస్టర్ అక్క
మీరు ఉన్నప్పుడు దండగ. అది లోడు కోసం మధ్య మధ్యలో పల్స్ పంపి వెతుకుతుంది. ఫ్రిజ్ బోర్డు, రౌటర్ లాంటి చిన్న లోడ్లు దానికి ఆనవు, అవి ఆగుతూ మొదలవుతూ పాడవుతాయి. రౌటర్‌ని మాత్రం ఇన్వర్టర్ మీంచి తీసేసి, 24 నుంచి 12కి దించే చిన్న కన్వర్టర్ పెట్టి నేరుగా బ్యాటరీ మీద వేసేయండి. అప్పుడు వారమంతా ఇన్వర్టర్ ఆపేసినా బ్రిస్టల్‌లో కూర్చుని బ్యాటరీ ఎంత నిండిందో ఫోన్‌లో చూసుకోవచ్చు.

వోల్టేజీ వీరుడు
ఆ కన్వర్టర్ ఎంత సైజు తీసుకోవాలి? 😄

లెస్టర్ అక్క
రౌటర్ వెనక ప్లేటు చదువు.